సినిమా అయ్యాక ఇచ్చిన కరెంటు

సముద్రం మధ్య దీవిలో ఉన్న హోప్ టౌన్‌లో నేను కొత్త కోడలిగా ఉన్న రోజులవి. గాలివానకు స్తంభాలు కూలి కరెంటు పోయింది, ఆసుపత్రి ఉన్న ఒడ్డుకు దాటించే ఫెర్రీ పడవలూ ఆగిపోయాయి. ఆ మధ్యాహ్నం మామగారికి ఆయాసం ముదిరింది. ఆవిరి మందు పట్టే మిషన్ ఇంట్లోనే ఉన్నా కరెంటు లేక పనిచేయలేదు.

పక్కింట్లో జనరేటర్ నడుస్తోంది. పరుగెత్తాను. ఇంటాయన బంధువులతో వీడియోలో సినిమా చూస్తున్నాడు.

“భయ్యా, మామయ్యకి ఊపిరాడట్లేదు. కాసేపు లైన్ ఇవ్వండి!”

“సినిమా అయ్యాక చూద్దాం దీదీ. లోడ్ ఎక్కువైతే టీవీ పాడైపోద్ది.”

కాళ్లు పట్టుకున్నాను. భార్య చేత తలుపు వేయించాడు.

నేను తిరిగొచ్చేసరికి మామగారు పోయారు. అత్తగారు ఇంకా విసనకర్రతో విసురుతూనే ఉన్నారు.

సాయంత్రం అతనే వైరు లాక్కొచ్చి బల్బు వెలిగించాడు. “శవం దగ్గర చీకటి ఉండకూడదు” అన్నాడు.

అత్తగారు లేచి బల్బు ఆర్పేశారు. “అట్టుకెళ్లిపో బాబూ,” అన్నారు.