బొటనవేలు బాగయ్యేదాకా

ఇల్లందులో మా ఇంటి ముందుగదే నా కుట్టుషాపు. జాకెట్లు, లంగాలు, పిల్లల యూనిఫారాలు కుడతాను. మా ఆయన బొగ్గు గనిలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టుకు ఆనుకున్న కీలులో నాకు చాలాకాలంగా నొప్పి ఉండేది. పని చేసే చెయ్యి నొయ్యకుండా ఉంటుందా అనుకుని, మందు రాసుకుని, మళ్ళీ కత్తెర పట్టేదాన్ని. తాళంచెవి తిప్పాలన్నా, తడిబట్ట పిండాలన్నా, గిన్నె దించాలన్నా ఆ కీలులో ఎవరో సూదితో పొడిచినట్టుండేది.

ఒకసారి ఏన్కూరు నుంచి ఒకామె తన బిడ్డ పెళ్ళికి పట్టుజాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. ముదురు వంకాయరంగు బట్ట, జరీ అంచు. వీపు భాగం కత్తిరిస్తుంటే నొప్పి చురుక్కుమని పైకి పాకింది. బొటనవేలు సత్తువ లేక పక్కకు ఒరిగింది, దాంతోపాటే కత్తెరా ఒరిగింది. వీపు మధ్యలో నిలువునా ఒక కోత పడింది.

కోత అంచులు రెండూ దగ్గరికి చేర్చి చూశాను, కుట్టినా అతుకు కనపడుతుంది. తర్వాత ఆ కోతను వెడల్పు చేసి, నీటిబొట్టు ఆకారంలో కిటికీలా కత్తిరించి, చుట్టూ జరీ పైపింగు వేసి, పైన రెండు కుచ్చులు వేలాడదీశాను. పెళ్ళిపిల్ల తల్లికి జరిగిన సంగతి చెప్పేలోపే ఆమె జాకెట్టు ఎత్తి పట్టుకుని, "అబ్బ, ఎంత మంచిగ కుదిరిందక్కా!" అంది. చెయ్యి జారి అయిన పని ఇది అన్నా నవ్విందే తప్ప నమ్మలేదు. ఆ పెళ్ళికి పోయినవాళ్ళలో చాలామంది అదే కిటికీ కావాలని మా షాపుకు వచ్చారు.

మా ఆయన మాత్రం నవ్వలేదు. "గిట్ల ఎన్ని కిటికీలు పెడ్తవే? రేపు పొద్దుగాల ఖమ్మం పోదాం, దవాఖానల చూపిద్దాం" అన్నాడు.

ఖమ్మంలో చేతి ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకు పెట్టి చూపించింది. బొటనవేలి అడుగున చిన్న ఎముక ఒకటి ఉంటుందట, దాని మీది మెత్తని పొర అరిగి ఎముకకు ఎముక రాసుకుంటోందట. ముందు పట్టీ వేసుకోమంది, తర్వాత కీలులోకి ఒక ఇంజెక్షన్ ఇచ్చింది. దాంతో కొన్ని నెలలు హాయిగా గడిచాయి. ఇక పోయిందిలే అనుకునేసరికి వానలతోపాటే నొప్పీ తిరిగి వచ్చింది.

మళ్ళీ వెళ్తే ఆమె అంది. "ఆపరేషన్ చేస్తే నొప్పి పోతుందమ్మా. జల్దీ ఏం లేదు, మీరు ఆలోచించుకుని చెప్పండి."

మా ఆయన ముందుకు వంగాడు. "అరిగిన పార్టు తీసి కొత్తది బిగిస్తరా మేడమ్?"

"కొత్తది బిగించం. అరిగిన ఎముకను తీసేస్తాం. ఆ ఖాళీలో మీ ఆవిడ చేతిలోదే కండను ఎముకకు కలిపే నరం లాంటి పోగునొకదాన్ని చుట్టి పెడతాం."

ఆయనకు ఇది బొత్తిగా నచ్చలేదు. బస్సులో ఇంటికి వచ్చేదాకా అదే మాట. "పార్టు తీసేసి ఖాళీగ వదిలిపెడ్తే మిషన్ ఎట్ల నడుస్తదే?"

నా భయమూ అదే. నొప్పి ఉన్నా ఏదో ఒకలా కత్తెర పడుతున్నాను. కోశాక అసలు పట్టలేకపోతే? ఆ ఆలోచనతోనే వానాకాలం దాటిపోయింది. అప్పుడు బూర్గంపాడు నుంచి మా వదిన ఫోన్ చేసింది. వాళ్ళ వీధిలో ఒకామెకు అదే ఆపరేషన్ అయిందని, వచ్చి కళ్ళారా చూసుకోమని.

మా ఆయనా నేనూ వెళ్ళేసరికి ఆమె పెరట్లో దుప్పట్లు ఉతుకుతోంది. పిలవగానే రాలేదు. చేతిలో ఉన్న దుప్పటిని మెలిపెట్టి, ధారగా నీళ్ళు కారేలా పిండి, తీగ మీద ఆరేసి, అప్పుడు చీరకొంగుకు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. నేను ఆ దుప్పటినే చూస్తున్నాను. మంచి మందపు దుప్పటి.

"నొప్పి లేదా అక్కా?" అన్నాను.

"ఇప్పుడు లేదు. మొదట్ల మాత్రం ఎందుకు చేయించుకున్ననా అని ఏడ్చిన. వేలు నాది గానట్టే ఉండేది, చెంచా గూడ పట్టరాలే. ఓపిక పట్టాలె చెల్లె. ఓపిక లేకపోతే చేయించుకోకు."

"అంతా బాగుంటుంది" అని ఉంటే బహుశా నేను నమ్మేదాన్ని కాదు. ఏడ్చానని చెప్పింది కాబట్టి నమ్మాను. తిరుగు బస్సు కోసం గోదావరి వంతెన దాటి భద్రాచలం బస్టాండుకు వచ్చేసరికి నా మనసు తేలికపడింది. అక్కడే టీ తాగుతూ మా ఆయనతో చేయించుకుంటానని చెప్పాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మరి వంట?"

"నువ్వే."

ఆపరేషన్ రోజు చెయ్యి ఒక్కటే తిమ్మిరెక్కేలా చంకలో మత్తుసూది ఇచ్చారు. నేను మెలకువగానే ఉన్నాను. కాసేపటికి నా పక్కన ఎవరిదో చెయ్యి పడి ఉన్నట్టనిపించి, జరపమని నర్సుకు చెప్పబోయి, అది నాదేనని తెలిసి నవ్వొచ్చింది. అడ్డంగా పచ్చబట్ట కట్టేశారు కాబట్టి ఏం చేస్తున్నారో కనిపించలేదు. డాక్టరమ్మ నన్ను మాటల్లో పెట్టింది. తన జాకెట్లన్నీ భుజం మీది నుంచి జారుతున్నాయని, ఎందుకని అడిగింది. మెడ వెడల్పు ఎక్కువైతే భుజం నిలవదని, వెనకాల ముడేసుకునే దోరి ఒకటి పెట్టిస్తే సరిపోతుందని నేను వివరంగా చెప్తూనే ఉన్నాను. ఇంతలో కుట్లు కూడా వేసేశారు. నా చేతి మీద ఆమె కుట్టు చూశాను తర్వాత. పొందిగ్గా ఉంది.

మోచేతి కిందిదాకా పిండికట్టుతో ఇల్లు చేరాను. చెయ్యి ఎప్పుడూ గుండె కంటే ఎత్తులో ఉండాలన్నారు. కొద్దిరోజులు పోట్లు తప్పలేదు. ఆ తర్వాత నొప్పి కంటే విసుగు ఎక్కువైంది. మా ఆయన పప్పు వండితే చారులా, చారు పెడితే వేడినీళ్ళలా ఉండేది. దాన్ని నేను ఎడమచేత్తో చెంచా పట్టుకుని, సగం ఒళ్ళో పోసుకుంటూ తినేదాన్ని.

అన్నిటికంటే పెద్ద కష్టం జడ. ఒంటిచేత్తో జడ వేసుకోలేం కదా. మా ఆయన గనిలో ఇనుపతాళ్ళ పేటలు కలిపి అల్లిన మనిషి. "గిదేం పెద్ద పని, మూడు పేటలే గద" అని కూర్చున్నాడు. ఆయన లాగి బిగించిన బిగింపుకు నా కనుబొమ్మలు నుదుటి మీదికి ఎక్కాయి.

"ఏమయ్యా, బొగ్గు బండి కడ్తున్నవా నా జడకు? జర వదులు చెయ్!"

"వదులు చేస్తే ఊడిపోతది" అన్నాడు గంభీరంగా. ఆ జడ నిజంగానే మర్నాటిదాకా ఒక్క వెంట్రుక కదలకుండా నిలిచింది.

పిండికట్టు తీసినప్పుడు మాత్రం నా ఉత్సాహం దిగిపోయింది. వేలు సన్నగా, పాలిపోయి, కొయ్యముక్కలా ఉంది. బొటనవేలి కొనతో చిటికెనవేలి కొన తాకమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్తే, అది చూపుడువేలి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ రోజు బూర్గంపాడు ఆమెలాగే నేనూ ఏడ్చాను. ఏడ్చాక ఆమెకు ఫోన్ చేస్తే, "ఆఁ, షురూ అయిందా? గట్లనే ఉంటది" అంది నవ్వుతూ. ఆ నవ్వు విన్నాక గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి పెట్టుకుని మళ్ళీ వేలు కదపడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే మా కాలనీలో ఉండే టీచరమ్మ స్కూల్లో ఫంక్షన్ ఉందని జాకెట్టు బట్ట పట్టుకొచ్చింది. కుదరదని నేను చెప్తుంటే మా ఆయన మధ్యలోకి వచ్చాడు. "గీతలు నువ్వు చెప్పు, నేను కోస్త."

బల్ల మీద బట్ట పరిచి నేను చెప్పినచోటల్లా సుద్దతో గీసుకున్నాడు. కత్తెర పట్టుకుని, కళ్ళద్దాలు సవరించుకుని, "టాలరెన్స్ ఎంత?" అన్నాడు.

"ఏంది?"

"అంటే, కోత గీతకు అటో ఇటో ఎంత పోవచ్చు?"

"దారం మందం గూడ పోవద్దు."

ఊపిరి బిగబట్టి కోశాడు. గీత నుంచి నిజంగానే దారం మందం కూడా పక్కకు పోలేదు. తీరా చూస్తే జాకెట్టు చేతులు రెండూ ఎడమవైపువే కోసి పెట్టాడు! నేను నవ్వు ఆపుకోలేక, ఆపరేషనైన చెయ్యి అదురుతుంటే ఇంకో చేత్తో పట్టుకుని మరీ నవ్వాను. ఆయన ముఖం చిన్నబోయింది. అదృష్టం కొద్దీ ఆ బట్ట రెండువైపులా ఒకలాగే ఉంది. ఒక చేతిని తిరగేస్తే కుడివైపుది అయిపోయింది. మా మిషన్‌కు మోటారు ఉంది. ఎడమచేత్తో బట్టను నడుపుతూ, పట్టీ వేసిన కుడిచేతి వేళ్ళను ఊరికే ఆనించి నెమ్మదిగా కుట్టాను. టీచరమ్మకు అతుకు లేకుండా కుదిరింది.

చలికాలం వెళ్ళేసరికి బొటనవేలు చిటికెనవేలిని అందుకుంది. ఒక మధ్యాహ్నం చెంచా పక్కన పెట్టి, గోంగూర పచ్చడి, నూనె వేసుకుని కుడిచేత్తో అన్నం కలిపాను. కలపడానికి మిగతా వేళ్ళు చాలు గానీ, ముద్దను నోట్లోకి నెట్టేది బొటనవేలే. అది నెట్టింది. అన్ని నెలల తర్వాత అన్నం రుచి మళ్ళీ తెలిసింది. మా ఆయన ఇంకో గరిటె వడ్డించాడు.

ఇప్పుడు తాళం తిప్పుతాను, బట్టలు పిండుతాను. సూదితో పొడిచినట్టుండే ఆ నొప్పి లేదు. మునుపటి పట్టు మొత్తం రాలేదు. మందపు బట్ట నాలుగు మడతలు వేసి కోయాలంటే వేలు తొందరగా అలసిపోతుంది. అలాంటివన్నీ మా ఆయనే కోస్తున్నాడు. చేతులు కోసేముందు "ఇది కుడి, ఇది ఎడమ" అని పైకి అనుకుంటూ సుద్దతో రాసుకుంటాడు. మొదట్లో ఆయన్ను చూసి బయటే నిలబడే ఆడవాళ్ళు ఇప్పుడు నేరుగా ఆయన్నే అడుగుతున్నారు, బట్ట సరిపోతుందా అన్నా అని. మొన్న ఒకామెతో, "ఈ బట్టకు మెడ అంత లోతు పెడ్తే భుజాల మీద లోడ్ ఆగదమ్మా" అంటుంటే విన్నాను. ఆమె ఒప్పుకుంది కూడా.