నాన్న వైద్యం చేసిన తెల్లచారల మొక్క

మా చిన్నప్పుడు... హాల్లో టీవీ మీద అమ్మ అల్లిన లేసు గుడ్డ, దాని మీద చిన్న కుండీలో ఒక మనీ ప్లాంట్ ఉండేవి. నీళ్ళు పోయాలంటే కుండీని కిందికి దించాల్సిందే. ఒక్క చుక్క పడినా టీవీ పేలిపోతుందని మా నాన్న భయం!

అది అందరిళ్ళలో ఉండే పచ్చది కాదండోయ్... ఆకు సగం పచ్చ, సగం పాల తెలుపు. ఏలూరులో టీచరుగా చేసే మా పెద్దమ్మ ఇచ్చింది. పెదనాన్న ప్రాణంగా పెంచుకున్న మొక్క. ఆయన పోయాక పెద్దమ్మకి దేని మీదా మనసు లేకపోయింది... మొక్క ఎండిపోయింది. మిగిలిన ఒక్క కొమ్మను తడిగుడ్డలో చుట్టి, బస్సెక్కి వచ్చి అమ్మ చేతిలో పెట్టింది.

"నా వల్ల కావట్లేదే... ఇదొక్కటైనా నువ్వు బతికించు."

ఇక అమ్మకి మా కంటే ఆ కుండీయే ఎక్కువైపోయింది. రోజూ ఆకాకూ తుడిచేది. నాకు భలే కుళ్ళుగా ఉండేది.

మాది గణపవరం దగ్గర పల్లె. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. దోమల సంగతి చెప్పక్కర్లేదు కదా... అందుకే మా హాలు కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. పట్టపగలు కూడా లైటు వేసుకునేవాళ్ళం.

మా నాన్నేమో పుట్టు రైతు. వచ్చీపోతూ ఆ తెల్లచారల్ని అనుమానంగా చూసేవారు. వరిలో ఆకు తెల్లబడితే ఊరుకునే మనిషి కాదు మరి! ఎవరికీ చెప్పకుండా కుండీలో కాస్త జింకు, కాస్త యూరియా వేస్తూ వచ్చారు.

మొక్క ఏపుగా లేచింది. వచ్చిన ప్రతి ఆకూ ముదురు పచ్చ... తెలుపన్నదే లేదు.

"చూశావా, తెగులెలా వదిలిందో!" అన్నారు నాన్న, మీసం మీద చెయ్యేసి.

"తెగులేంటండీ... దాని అందమే అదండీ! మొక్కకేం పెట్టారండీ?" అమ్మ ఆ పచ్చాకుల్ని ఒక్కొక్కటే తిరగేసి చూసింది. "పెదబావగారు పోయి ఏడాదవుతోంది, జ్ఞాపకార్థ కూడిక మనింట్లోనే కదండీ. అక్కొచ్చి అడిగితే ఏం చూపించనండీ?"

జింకు, యూరియా వేశానని నాన్న ఒప్పుకున్నారు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకు మొదటిసారి నాన్న మీద జాలేసింది.

పెదనాన్న పచ్చతీగ లేస్తే తెల్లాకు దాకా కోసేసేవారని, కుండీని కిటికీ దగ్గరే ఉంచేవారని పెద్దమ్మ చెప్పిన మాట అమ్మకి గుర్తొచ్చింది. వెతికితే అడుగున ఒకే ఒక్క చారల ఆకు మిగిలుంది. దాని పై నుంచి ఏపుగా ఉన్న తీగంతా అమ్మే కత్తిరించేసింది. మిగిలింది ఒక మోడు, ఒక ఆకు.

మర్నాడు నాన్న గూడెం బజారుకెళ్ళి దోమల జాలీ తెచ్చారు. స్టూలెక్కి దాన్ని కిటికీకి మేకులతో బిగించి, తలుపులు బార్లా తీసి, కుండీని టీవీ మీంచి అక్కడికి మార్చారు. మా హాల్లోకి అంత వెలుతురు రావడం నేనెప్పుడూ చూడలేదు.

కూడిక నాటికి ఆ మోడు పక్క నుంచి చుట్టచుట్టుకున్న చిగురొకటి వచ్చింది. పెద్దమ్మ లోపలికి వస్తూనే కిటికీ దగ్గరికెళ్ళింది. అమ్మ జరిగిందంతా చెప్పేసి గుడ్లప్పగించి చూస్తోంది. నాన్న గుమ్మం బయటే ఆగిపోయారు.

పెద్దమ్మ వంగి, ఆ చిగురునే చాలాసేపు చూసింది.

"మరిదిగారూ, ఇలా రండి... అంచున తెలుపు వస్తోందండీ!"

పెదనాన్న పోయాక పెద్దమ్మ నవ్వగా చూడటం నాకదే మొదలు. ఆ వానాకాలానికి తీగ సాగింది. ఈసారి కొమ్మ మా ఇంటి నుంచి ఏలూరుకి బస్సెక్కింది... తీసుకెళ్ళి ఇచ్చింది నాన్నే.

ఇప్పుడు తణుకులో మా ఇంటి కిటికీలో ఉన్నది ఆ మొక్క కొమ్మే. నాన్న ఫోన్ చేస్తే పిల్లల తర్వాత దాన్నే అడుగుతారు... "తెలుపు ఉందా అమ్మా? లేకపోతే చెప్పు, నేనొస్తా."

ఈ రోజుల్లో ఏ మొక్కైనా అట్టపెట్టెలో గుమ్మం ముందుకొస్తోంది. ఎవరిచ్చారని అడిగితే చెప్పడానికి ఒక మనిషి పేరుండదు... మీ ఇంట్లో అలా ఒకరి పేరుతో బతుకుతున్న మొక్క ఉందా? ఎవరి చేతి కొమ్మో చెప్పరూ...