కాళ్ల కింద తడి

మా ఆయనకు షుగరు వచ్చి పదహారేళ్లు. మేం వెళ్లినప్పుడల్లా డాక్టరుగారు నాకు చెప్పే మాట ఒక్కటే: "మందులు ఆయన వేసుకుంటారు, కాళ్లు మాత్రం మీరు చూడండమ్మా. రోజూ అరికాలు తిప్పి చూడాలి. చిన్న పుండే కదా అనుకుంటే కాలు తీసేసేదాకా వస్తుంది." మొదటి ఆరు నెలలు చూశాను. తరవాత ఆయనే కాళ్లు ముడుచుకుని "నా కాళ్లు నేను చూసుకోలేనా, ఇదేం చోద్యం!" అని విసుక్కునేవారు. పనుల తొందరలో నాకూ అదే హాయి అనిపించింది, చూడటం మానేశాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చదివి నా మీద ఎవరూ జాలిపడకుండా.

మాది పటమట. మంగళగిరిలో మగ్గాల దగ్గర చీరలు తెచ్చుకుని ఇంట్లోనే అమ్ముతాను. వారానికి మూడుసార్లు నది మీది బ్యారేజీ దాటి వెళ్లిరావాలి. వెళ్లేది మా మామగారి నాటి అంబాసిడర్‌లో, నడిపేది నేను. చూపు మందగించాక మా ఆయన స్టీరింగు వదిలేసి పక్క సీట్లోకి వచ్చారు. ఆ బండి అమ్మేయమని చెప్పని చుట్టం లేడు. "కొత్త కార్లో ఇన్ని మూటలు పడతాయా?" అని అందరి నోళ్లూ మూయించేదాన్ని. మూటల మాట ఉత్తదే. ఆ తెల్లబండి వేసుకుని వన్ టౌన్ సందుల్లోకి వెళ్తే తోపుడుబళ్లవాళ్లు కూడా పక్కకి జరిగేవాళ్లు. అదీ నా గీర.

మామగారి కాలం నుంచీ ఆ బండికి కొన్ని మర్యాదలున్నాయి. కారంటే లక్ష్మి, చెప్పులతో ఎక్కకూడదు. నేనూ వట్టికాళ్లతోనే నడుపుతాను. మా ఆయన, షుగరువాళ్లకిచ్చే మెత్తటి చెప్పులు విప్పి వెనక పెట్టేసి, ముందు సీట్లో కార్పెట్ మీద పాదాలు ఆనించుకుని కూర్చునేవారు. ఇంట్లో కూడా చెప్పులతోనే తిరగాలని డాక్టరుగారు చెప్పిన మనిషి! శుక్రవారం వస్తే బానెట్‌కి పసుపు రాసి, బొట్లు పెట్టి, అక్షింతలు, పూలు చల్లేదాన్ని. ఇక దసరాకైతే చామంతుల్లో అద్దం సగం మునిగిపోయేది.

ఆ ఏడు వానలు మొదలైన పదిరోజులకే ముందు సీటు వెనక పెట్టిన చీరల మూట అడుగున చెమ్మ తగిలింది. విప్పి చూద్దును కదా, రెండు చీరల అంచులకి తుప్పురంగు మరక! నా గుండె గుభేలుమంది. చీరల కోసం సుమండీ. వెంటనే ఆటోనగర్‌కి పరిగెత్తాను. అక్కడ పాతబళ్ల అద్దాలు, రబ్బర్లు బిగించే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. బండిచుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అన్నాడు: "నీళ్లు పడే చోటొకటి, కనపడే చోటొకటండీ. ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడు. ఓపిక ఉండాలమ్మా."

ముందు అద్దం రబ్బరు మార్చాడు. వెనక అద్దానిదీ మార్చాడు. మళ్లీ వాన పడింది, మళ్లీ చెమ్మ వచ్చింది. అప్పుడు ఒక ఉపాయం చెప్పాడు: లోపల ఒక మనిషిని కూర్చోబెట్టి తలుపులన్నీ బిగించి, బయటనుంచి పైపుతో ఒక్కో చోటా నీళ్లు కొట్టాలి. లోపలి మనిషి ఎక్కడ తడి తగిలితే అక్కడ చెప్పాలి. "అనుమానం ఉన్నచోట ముందే టాల్కం పౌడరు చల్లండి, నీళ్లు నడిస్తే చార పడిపోద్ది" అన్నాడు.

ఆ ఆదివారం వాకిట్లో బండి పెట్టాను. లోపల నేను కూర్చుంటానని మా ఆయనే ముందుకొచ్చారు. టార్చిలైటు పట్టుకుని, పంచె పైకి మడిచి, తన సీట్లో కూర్చున్నారు. ఆయన చూపు మీద నాకు నమ్మకం లేదు, కాళ్ల మీద ఉంది. అద్దం కింద పైపు పెట్టి పావుగంట కొట్టాను.

"ఏవండీ, కాళ్లకింద తడిగా ఉందా?"

"లేదే. పొడిగానే ఉంది."

"సరిగ్గా చూసి చెప్పండి!"

"పొడిగా ఉందంటే వినవేం? నీకన్నీ అనుమానాలే."

సరే, ముందువైపు లేదు కాబోలు అనుకున్నాను. తలుపుల మీద కొట్టాను, వెనక అద్దం మీద కొట్టాను, డిక్కీ మీద కొట్టాను. మూడు ఆదివారాలు ఇదే తంతు. ప్రతిసారీ ఆయన్ని అడగడం, ఆయన పొడిగా ఉందనడం, నేను వెనక్కి పోవడం. వెనక సీటు ఊడదీసి కిందంతా పౌడరు చల్లాను. తలుపుల లోపలి అట్టలు పీకేశాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి "ఏంటండీ, కారుకి కూడా స్నానమూ పౌడరూనా?" అని నవ్వింది. "మా ఇంట్లో దానికే తీరికుంది మరి" అని నేనూ నవ్వాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు వారాలు ఆ బండి వెనకభాగమంతా జల్లెడ పట్టాను. మధ్యలో మంగళగిరి ప్రయాణాలు మామూలే. ఆయన పక్కన కూర్చోవడమూ మామూలే.

తరవాత వాసన మొదలైంది. తడిసిన గోనె వాసన మొదట, ఆ తరవాత ఇంకేదో. ఎలుక చచ్చిందేమో అనుకున్నాను. అగరొత్తుల కట్ట ఒకటి డాష్‌బోర్డులో పడేశాను.

ఒకరోజు మధ్యాహ్నం మంగళగిరి నుంచి వస్తూ చిల్లర తీస్తుంటే ఇంటి తాళంచెవులు జారి ఆయన కాళ్ల దగ్గర పడ్డాయి. బండి పక్కకి ఆపి, వంగి చెయ్యి పెట్టాను. కార్పెట్ మీద అరచెయ్యి ఆనగానే వేళ్లమధ్య నుంచి నీళ్లు పైకొచ్చాయి. పైన ఆరినట్టే ఉంది, అడుగున వేసిన మందపాటి నార నిండా నీళ్లు. ఆ నీళ్లలోనే ఆయన ఎడమపాదం నిమ్మళంగా ఆని ఉంది.

"ఇంత తడి ఉంటే పొడిగా ఉందంటారేంటండీ? మతిపోయిందా?" అని అరిచాను. ఆయన కిందకి చూశారు. నేను దిగి అటువైపు వెళ్లి, తలుపు తీసి, ఆయన పాదం చేతిలోకి తీసుకుని తిప్పాను. ఎన్నేళ్లయిందో అలా చూసి. అరికాలంతా రోజంతా బట్టలుతికిన చెయ్యిలా తెల్లగా నాని ముడతలు పడి ఉంది. చిటికెనవేలి కింద నా బొటనవేలు పట్టేంత గుంట. లోపల నల్లగా ఉంది. వాసన కారుది కాదు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు చూస్తున్నా సిగ్గులేకుండా ఏడ్చాను.

"నొప్పి లేదే, ఎందుకేడుస్తావ్?" అన్నారాయన.

అటునుంచటే ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఎముకదాకా పోయిందన్నారు. మొదట రెండువేళ్లు తీశారు. నాలుగురోజులు చూసి, కుళ్లు మడమ పైకి ఎక్కుతోంది, మోకాలి కిందికి తీసేయకపోతే మనిషికే ప్రమాదం అన్నారు. ఎన్నాళ్లనుంచి ఉంది పుండు అని పెద్ద డాక్టరు అడిగారు. ఏ చీరకి ఎప్పుడు మరక పడిందో తారీఖుతో సహా చెప్పగలను. పుండు సంగతి చెప్పలేకపోయాను.

ఆ మర్నాడు పొద్దున ఆటోనగర్ నుంచి ఫోను. ఆస్పత్రిలో చేర్చినరోజే మా తమ్ముడు బండి తీసుకెళ్లి అక్కడ వదిలాడు. "దొరికిందమ్మా!" అన్నాడు పెద్దమనిషి, సంబరంగా. వెళ్లాను. ఎందుకెళ్లానో తెలియదు. అద్దానికీ బానెట్‌కీ మధ్య గాలికోసం ఒక మూత ఉంటుంది. అందులో పడ్డ వాననీళ్లు కిందకి పోవడానికి ఒక రబ్బరుగొట్టం. అది పూడుకుపోయి నీళ్లు పొంగి, డాష్‌బోర్డు కింది అట్ట వెనకనుంచి సరిగ్గా ఆయన కాళ్లకిందకి దిగి, అక్కణ్ణుంచి సీటు కిందుగా వెనక్కి పోతున్నాయి. గొట్టంలోంచి తీసిన ముద్దని కాగితం మీద పెట్టి చూపించాడు. ఎండి నల్లబడ్డ చామంతిరేకులు, గట్టిపడిన పసుపు, బియ్యపుగింజలు.

"ఇది పూజ సామానండీ. ఏళ్లతరబడి జారి పేరుకుపోయింది" అన్నాడు పాపం, మంచిగానే.

నాకు దేవుడి మీద కోపం రాలేదు. నా చేతుల మీద వచ్చింది. ఆ చేతులతో ఆయన పాదం ఒక్క శుక్రవారమైనా పట్టుకుని ఉంటే!

ఆస్పత్రికి తిరిగొచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అడిగాను. "నిజం చెప్పండి. కాళ్లకి స్పర్శ ఎప్పట్నుంచి లేదు?"

"పోయిన ఉగాదికి ముందునుంచే. సలసలా కాగే నీళ్లు పడ్డా తెలీలేదు ఒకసారి."

"మరి నేను అన్నిసార్లు అడిగితే పొడిగా ఉందని ఎందుకు చెప్పారండీ? తెలియట్లేదని చెప్తే మీ సొమ్మేం పోయింది?"

"తెలియట్లేదంటే నన్ను దింపేసి ఇంకెవర్నో కూర్చోబెడతావు" అన్నారు. "కళ్లు సరిగ్గా లేక స్టీరింగు పోయింది. లెక్కలూ నువ్వే, బేరాలూ నువ్వే. ఆదివారం ఆదివారం పైపు పట్టుకుని నన్ను అడుగుతుంటే, ఇంకా ఒక పనికైనా పనికొస్తున్నాననిపించేది."

తిట్టాను. వార్డంతా వినేలా తిట్టాను. "మీ పని మీద మన్నుబొయ్య, ఎవరడిగారండీ మిమ్మల్ని పనికి రమ్మని!" అని ఆయన భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన నా జుట్టు నిమురుతూ ఉండిపోయారు.

మర్నాడు ఆపరేషనుకి తీసుకెళ్లేముందు నర్సమ్మ వచ్చింది. పొరపాటు జరగకుండా తీసేసే కాలు మీద గుర్తు పెట్టాలట. దుప్పటి తొలగించి, ఎడమకాలి పిక్క మీద నల్ల మార్కరుతో ఇంత పొడుగు బాణంగుర్తు గీసి, పక్కన రెండక్షరాలు రాసింది. గట్టిగా ఒత్తి, రెండోసారి దిద్ది మరీ రాసింది. ఆయన కిటికీవైపు చూస్తున్నారు. నర్సమ్మ మార్కరుకి మూత పెట్టి, దుప్పటి కప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఆయన ఇటు తిరిగి, "ఏదీ, ఇంకా రాయదేం ఆ అమ్మాయి?" అని నన్ను అడిగారు.