చీలిన చక్రం

ఆ కారు జోలికి వెళ్లొద్దని చూడగానే అనుకున్నాను. జర్మనీలో, కార్ల్స్‌రూహె ట్రామ్ చివరి స్టాపు దగ్గర ఒక ముసలావిడ పెరట్లో, ఆపిల్ చెట్ల కింద ఎన్నేళ్లుగా పడి ఉందో! అడుగంతా తుప్పు, సీట్ల మీద నాచు. మా ఆయనకు మాత్రం చక్రాలే కనిపించాయి. ఆ రకం అల్లాయ్ చక్రాలు ఇప్పుడెవరూ చేయరట. ఇంట్లో బాగుచేసుకుంటున్న పాత కారుకు అవే కావాలని ఏళ్ల తరబడి వెతుకుతున్నారు.

"కావాలంటే తీసుకోండి. సోమవారం తుక్కు వాళ్లొచ్చి కారు పట్టుకుపోతారు," అంది ఆవిడ జర్మన్‌లో.

"వెర్క్‌ష్టాట్ నుంచి పని తెలిసిన మెకానిక్కుల్ని పిలవచ్చు కదండీ," అన్నాను ఆయనతో.

"వాళ్లు టెర్మిన్ ఇచ్చి, ఫలానా రోజు వస్తామని చెప్పేలోపు కారే ఉండదు. నువ్వూరికే కంగారుపడకే."

ఊరికేనట! రాత్రంతా వాన కురిసిన నేల, కాలు పెడితే దిగబడుతోంది. దాని మీద చిన్న చెక్కముక్క వేసి, పైన జాకీ పెట్టారు మహానుభావుడు. మూడు చక్రాలు బాగానే వచ్చాయి. ఒక్కొక్కటి తీయగానే ఆ మూలకు ఒక దుంగ ఆనించారు. నాలుగోది మాత్రం బోల్టులన్నీ విప్పినా కదల్లేదు, తుప్పుకు అతుక్కుపోయింది. చక్రాన్ని లోపలివైపు నుంచి కొడతానని సుత్తి పట్టుకుని కారు కిందికి దూరారు. తల, భుజాలు, ఛాతీ, అన్నీ లోపలే.

దెబ్బ పడినప్పుడల్లా జాకీ ఊగుతోంది. మా ఊళ్లో పంక్చరు షాపువాళ్లు విప్పిన టైరును ముందు బండి కిందికి తోసేవాళ్లు. అది గుర్తొచ్చి, చేతికందిన చక్రాన్ని ఈడ్చుకొచ్చి ఆయన భుజం పక్కన, కారు అంచు కింద పడుకోబెట్టాను.

"ఏయ్, గీతలు పడతాయే! తియ్యి దాన్ని!"

"తియ్యను. ముందు మీరు బయటికి రండి."

"ఇంకొక్క దెబ్బ. తియ్యవే తల్లీ, నీకు దణ్ణం పెడతా."

తియ్యబోయాను కూడా. వంగి చక్రం మీద చెయ్యి వేస్తే, జాకీ కింద చెక్క ఒకవైపు మట్టిలోకి దిగిపోతూ కనిపించింది. చక్రం వదిలేసి గబుక్కున ఆయన కాలు పట్టుకున్నాను. అంతలో ఆ ఒక్క దెబ్బా పడింది.

చక్రం ఊడింది. జాకీ పక్కకు ఒరిగింది. కారు ధనామని దిగి, నేను పెట్టిన చక్రం మీద ఆగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆయన కాలు నా చేతిలోనే ఉంది, కదలడం లేదు. దేవుడా, దేవుడా అనుకుంటూ దాన్నే పట్టుకుని కూర్చున్నాను.

"లాగవే," అని లోపల్నుంచి సన్నగా వినిపించింది.

లాగాను. చొక్కా చిరిగింది, ఛాతీ గీరుకుపోయింది, మొత్తానికి బయటపడ్డారు. నేను పెట్టిన చక్రం మధ్యకు చీలిపోయింది. కారుకూ నేలకూ మధ్య దాని మందమంత సందే మిగిలింది. ఆయన ఆ సందు వైపు చూస్తూ బురదలో కూర్చుండిపోయారు. నేను ఏడుస్తూనే ఆయన వీపు మీద రెండు వేశాను.

ఇప్పటికీ ప్లగ్గు పెట్టడానికి ఆయన బల్ల కిందికి దూరితే చాలు, వెళ్లి కాలు పట్టుకుంటాను. వదలమని ఒక్కసారి కూడా అనలేదు.