ఎన్కాల నిలవడ్డ ముత్తవ్వ

లక్ష్మీరాజం సారు ఎదురువడితే ముందుగాల మనకు నమస్తే పెట్టడు. మన ఎన్కాల నిలవడ్డ సచ్చిపోయినోళ్లకు పెడ్తడు. గాయినకు గదొక్కటే పిచ్చి. మిగతదంత బంగారం.

ఆర్మూర్ల తెలుగు సారుగ చేసి రిటైరైండు. పెండ్లి లేదు, పిల్లల్లేరు. నెత్తి మాడే ఎండల పసుపు మార్కెట్ల తిరుగుతుండె. ఆడ దుమ్ముకు అందరి మొకాలు పచ్చగైతయి. పసుపు రాసి పాడె మీదికెల్లి లేపి నిలవెట్టినట్టు ఉంటరు. గా మందిల సారు తెల్లబట్ట మీద మరక గూడ వడకపోతుండె. గదే నాకు భయం.

ఒకపారి హమాలీ ఎంకటి బస్త దించుతున్నడు. సారు ఆగిండు.

"నమస్తే అవ్వా, నడుము నొప్పి తగ్గిందా?"

ఎంకటి ఎన్కకు సూసిండు. ఎవలు లేరు. "సారూ, ఎవలున్నరు?"

"మీ అమ్మమ్మోళ్ల అమ్మ. పేరు చెప్పు, పిలుస్త."

"నాకెట్ల ఎరుక!"

"గందుకే అలిగింది. బస్త మెల్లగ దించు, ఆమె కాలు మీద వెట్టినవ్."

గా దినమంత ఎంకటి బస్తల్ని పసిపోరన్ని పండవెట్టినట్టు దించిండు. సేటు మస్తు ఖుష్.

సారు ఎతికేది మాత్రం ఒక్కామె వంశం. పేరు తిరుమలవ్వ. నూరేండ్ల కింద, నిజాం కాలంల, మా ఊళ్లనే ఉన్నదట. చిన్నతనంలనే మొగడు పోయిండట. తల్లిగారింట్ల పడి ఉండుకుంట పాటలు రాసిందట, ఆడివిల్లలకు పసుపు పిండిల వేలు వెట్టి అచ్చరాలు దిద్దిచ్చిందట. ఊరోళ్లు ఎలేసిన్రట. "ఆమె నెత్తురు గీడనే తిరుగుతున్నది" అనుకుంట సారు అందరి ముక్కులు, చెవులు గుచ్చి గుచ్చి సూస్తుండె.

నేను మొకం మీదనే అన్న: "ముక్కులు సూసే పనికి పింఛన్ పెంచరు సారూ."

సారు నా ఎన్కకు సూసి, "వీడు గట్లనే మాట్లాడుతడు, నువ్వు మనసుల వెట్టుకోకు" అని ఎవలికో సర్ది చెప్పిండు. గప్పటికెల్లి యాడ కూసున్నా గోడకు ఆనుకొనే కూసున్న.

ఆ ఏడు చేన్ల పసుపు ఉడకవెడుతున్నం. మా చెల్లె భాగ్య ఏడో తరగతి. మా బాపు ముత్తెన్న చెప్పనే చెప్పిండు, "పరీచ్చలు గాంగనే బడి బంద్. బీడీలు చేస్తది" అని. భాగ్య ఏడ్సుడు వెట్టింది, తినుడు బంద్ చేసింది. పొద్దూకుతున్నది. కడాయిలకెల్లి ఆవిరి లేసి మనిషికి మనిషి కనవడ్తలేడు. గా ఆవిరిలకెల్లి సారు వచ్చిండు. భాగ్య ఎన్కాలకు సూసి చెప్పులిడిసిండు.

"తిరుమలవ్వా... ఈడున్నవా తల్లీ!"

బాపు చేతుల పార ఆగింది. "ఎవలు సారూ?"

"మీ అమ్మమ్మోళ్ల అమ్మ పేరేంది ముత్తెన్నా?"

"యాదికి లేదు."

"తిరుమలవ్వ. నీ బిడ్డ చెవి మడత సూడు, అచ్చం ఆమెదే."

"అయితె? ఏమంటది?"

సారు ఆవిరి దిక్కు చెవి వెట్టిండు. "పిల్లను బడి మాన్పిస్తె మీ ఇంట్లకొచ్చి కూసుంటదట. కూసున్నంక లేవదట."

గప్పుడే ఆవిరిల పచ్చటి నీడొకటి ఊగింది. మా అమ్మనే, కట్టెలు తెస్తున్నది. గా సంగతి తెలిసేటాల్లకు బాపు చేతులకెల్లి పార వడ్డది, నోట్లెకెల్లి "చదివిస్త తల్లీ" అన్న మాట వడ్డది.

భాగ్య ఎనిమిదికి పోయింది. ఇంతల పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే అమాస. బాపు తిరుమలవ్వ పేరు గూడ చెప్పిండు. అయ్యగారు పక్కున నవ్విండు.

"ఈమె బియ్యంతోనే నా మూట నిండింది ముత్తెన్నా. ఆలూర్ గంగాదాస్ ఇచ్చిండు, మోర్తాడ్ నీలవ్వ ఇచ్చింది, హమాలీ ఎంకటి ఇచ్చిండు. ఒక్క ముసల్ది గిన్ని కులాలకు ముత్తవ్వ ఎట్లైంది?"

బాపు మొకం కందగడ్డైంది. "పోయి గా సారును అడిగి రా. అబద్ధమైతె రేపటికెల్లి పిల్ల బీడీలకు కూసుంటది" అని నన్ను తరిమిండు. భాగ్య గడపల నిలవడి నన్నే సూసింది.

సారు ఇంట్లనే ఉన్నడు. అయ్యగారి మూట ముచ్చట చెప్పి సీదా అడిగిన. "తిరుమలవ్వకు ఎంతమంది పిల్లలు?"

మొదటిపారి సారు నా ఎన్కకు గాక నా మొకంలకు సూసిండు. "ఒక్కలు గూడ లేరురా."

"మరి గా చెవి మడత?"

"చెవి అన్నంక మడత ఉండదా?"

"గంగాదాస్ బిడ్డ, నీలవ్వ మనుమరాలు, ఎంకటి బిడ్డ..."

"బడికి పోతున్నరు గద?"

"పోతున్నరు."

"బతికున్న సారు మాట ఎవ్వడిన్నడు బిడ్డా? సచ్చినోళ్లు చెప్తె ఉరికురికి ఇన్నరు. ఆమెకు గూడ ఇన్నేండ్లు పిడికెడు బియ్యం ఇచ్చెటోడు లేకుండె. ఇప్పుడు అయ్యగారికి మూట బరువైందట!"

"అంటె మీకు ఎవ్వలు కనవడరా?"

సారు లోపటికి పోయి నీళ్లు తెచ్చిండు. రెండు గిలాసలు. ఒకటి నాకిచ్చిండు. ఇంకోటి నా పక్కన ఖాళీ జాగల వెట్టి, "తాగు తల్లీ" అన్నడు. గా గిలాస ఖాళీ అయిందా లేదా అని నేను సూడలే. ఉరికిన.

బాపు వాకిట్లనే ఉన్నడు. "ఏమన్నడు?"

భాగ్య గోర్లు కొరుకుతున్నది.

"మనామెనే బాపు," అన్న. "ఊరు ఎలేసినంక దిక్కులేని పిల్లల్ని సాదిందట. ఒక్కొక్కలు ఒక్కో కులమోళ్ల ఇంట్ల పడ్డరట. గందుకే గింతమంది."

బాపు గడ్డం గోక్కున్నడు. "మరి గసొంటామె ఇంట్ల ఉండంగ నువ్వు కాలేజీ నడుమల ఎట్ల ఇడిసివెట్టినవ్‌రా?"

"ఆమె మొగోళ్ల జోలికి రాదట."

భాగ్య పుస్తకం మొకానికి అడ్డం వెట్టుకుంది, భుజాలు ఊగుతున్నయి. బాపు నవ్వలే. చాప తెచ్చి లైటు కింద పరిసిండు.

"కూసోని చదువు బిడ్డా. జర అటు జరుగు, ముసలామెకు గూడ జాగుండాలె."