ఎవరొస్తారని అడిగి

మమ్మల్ని అడిగింది ఒక ప్రశ్న. మా జవాబును చూపించింది వేరే ప్రశ్న కింద. దాన్ని సర్వే అన్నారు. నేను మోసమంటాను.

కోలారు బంగారు గనులు మూసేసిన చాలా ఏళ్ళకు, ఊరిగాంలో గని కూలీల ఇళ్ళ వరుస, మా లైనుకు మునిసిపాలిటీ ఎన్నికలొచ్చాయి. పోటీ ఇద్దరి మధ్యే. ఒకాయన కాంట్రాక్టరు, ఆయన వేసిన రోడ్డు మొదటి వానకే కొట్టుకుపోయింది. రెండో ఆమె మా లైనులోనే ఉంటుంది. కంపెనీ ఇళ్ళు ఖాళీ చేయమని నోటీసులొచ్చినప్పుడు కోలారు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఆపించిన మనిషి. ఆమె గెలవాలని కోరుకోని ఇల్లు మా వీధిలో లేదు.

అప్పుడు ఊళ్ళో కేబుల్ ఛానెల్ వాళ్ళు పంపారని ఒకతను ఫోను పట్టుకొని కొళాయి దగ్గరికి వచ్చాడు.

“ఈ సల యారు బర్తారె? మీ వార్డులో ఎవరొస్తారప్పా?”

“ఇంకెవరు, కాంట్రాక్టరే వస్తాడు. దుడ్డుండాది, జీపులుండాయి,” అన్నాను.

బిందె పట్టుకున్న పక్కింటి కోడలు నవ్వింది. “వస్తాడు మామా, ఓట్లకు మాత్రం తప్పకుండా వస్తాడు.”

అతను దాన్నీ కాంట్రాక్టరు లెక్కలోనే ఫోనులో నొక్కుకున్నాడు. ఎవరు రావాలని అడగలేదు. ఎవరికి వేస్తారనీ అడగలేదు.

ఆ వారమే టీవీలో రంగుల గీతలు. కాంట్రాక్టరు గీత పొడుగ్గా, ఆమె గీత చిటికెనవేలంత. కింద ‘జనం ఓటు వీరికే’ అని అక్షరాలు. నా చదువు బడిలోది కాదు, గనిలో షిఫ్టు దిగినాక పేపర్లు కూడబలుక్కున్నది. ‘వస్తాడు’కూ ‘రావాల’కూ తేడా నాకే తెలిసినప్పుడు వాళ్ళకు తెలియదా? నా నోట్లో మాట లాగి, ఎంగిలి చేసి, మళ్ళీ నా నోట్లోనే కుక్కినట్టనిపించింది.

మరునాడు కొళాయి దగ్గర గాలి మారింది.

“అక్క మంచిదే మామా. ఓడిపోయేదానికి వేస్తే ఓటు దండగ గదా,” అన్నది ఆ కోడలే.

“ఓడిపోతాదని ఎవరు చెప్పినారమ్మా?”

“టీవీలో చూపించినారు గదా. ఊరంతా ఆయనకే అంట. ఇంగ మనమొక్కరం పేచీ పెట్టుకొని యాడికి పోతాము?”

ఆ ఊరంటే మేమేనని, మా మాటనే తిప్పి మాకు చూపించారని ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆమె ఓడిపోయింది. మా లైను వాళ్ళ పెట్టెలో కూడా వెనకబడింది. ఆ సాయంత్రం ఇంటింటికీ వచ్చి, ఓటేసినందుకు చేతులు జోడించి పోయింది. వేయని వాళ్ళు కూడా నవ్వుతూ దండం అందుకున్నారు.

రాబర్ట్‌సన్‌పేటలో నగల అంగడి మేడ మీద ఉండే ఆ ఛానెల్ ఆఫీసుకు పోయాను. పోయినప్పుడల్లా సార్ లేడన్నారు. చివరకు దొరికాడు. అడిగిందొకటి, చూపించిందొకటి, ఇదేం పద్ధతని నిలదీశాను. టీ గ్లాసు దించకుండానే ఆయనన్నాడు:

“ఎవరికి వేస్తారంటే మీ వాళ్ళు నోరు తెరవరు గదప్పా, అందుకే అట్ల అడిగినాము. ఇంగ తప్పేముండాది? మేము చూపించినాయనే వచ్చినాడు గదా.”