మగ్గం గుంత పక్కన ల్యాప్‌టాప్

ఈ సంగతి ఎందుకు రాసి పెట్టవలసి వచ్చిందో ముందే చెబుతాను. తక్కువ ధరలో, ఇంటి వాడకానికి సరిపోయే ల్యాప్‌టాప్ ఏదని అడిగేవారికి నేను ఏళ్ల తరబడి ఒకే సమాధానం చెబుతూ వచ్చాను. ఆ సమాధానం ఒక ఇంట్లో తప్పింది. తప్పు యంత్రానిది కాదు, నాది. ఇతరుల కాగితాల మీద ఎర్రసిరాతో సున్నాలు చుట్టి బతికినవాడు తన కాగితంలోని తప్పును దాచుకోవడం న్యాయం కాదు.

2023 ఏప్రిల్ నెల. అనంతపురంలో నా దుకాణం. ఒకప్పుడు అదే గదిలో టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపాను. టైపు మిషన్ల కాలం తీరిపోయాక కంప్యూటర్ల మరమ్మతు, అమ్మకం నేర్చుకున్నాను. బల్లల మీది వస్తువులు మారాయి గాని గోడ మీది నియమాల పట్టిక మారలేదు. చెప్పులు బయట విడవాలి, చేతులు కడుక్కుని రావాలి, చెప్పింది చెప్పినట్టు చేయాలి.

ఆ నెల మొదటి వారంలో సావిత్రి వచ్చింది. పెళ్లికి ముందు పామిడి నుంచి రోజూ బస్సులో వచ్చి నా దగ్గర తెలుగు టైపింగ్ నేర్చుకున్న విద్యార్థిని. ఇప్పుడు ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి కోడలు. చెప్పులు బయట విడిచి, పదిహేనేళ్ల నాటి అలవాటు చొప్పున గుమ్మం దగ్గరే నిలబడింది.

"బెంగళూరోళ్లు పాత చేతిరాత కాగితాలు టైపు కొట్టే పని ఇస్తామన్నారు సార్. ఇంట్లోనే కూచోని చెయ్యొచ్చంట. ముందు పది దినాలు పరీక్ష. పని మధ్యలో కంప్యూటరు అరగంట కంటే ఎక్కువ ఆరిపోతే ఒక తప్పు. మూడు తప్పులైతే ఇంటికి పొమ్మంటారు."

"ఇంట్లోనే ఉంటావు గదా, ఇంకే ఇంటికి పొమ్మంటారు?" అన్నాను.

నేను పరిహాసమాడటం అరుదు. ఆమె నవ్వలేదు.

"మా ఆయనకు నడుం పాయ సార్. పూట కంటే ఎక్కువ మగ్గం గుంతలో దిగొద్దని డాక్టరు చెప్పినాడు. సగం చీరతో ఇల్లు యాడ జరుగుతుంది? ఈ పని నిలబడాల సార్."

ఆమె చెప్పిన ధరలో ల్యాప్‌టాప్ కొనడానికి మూడు దారులున్నాయి. మొదటిది, పేరున్న కంపెనీ కొత్త యంత్రం. ఆ ధరలో దొరికే దానికి ర్యామ్ తక్కువ. ర్యామ్ అంటే పని చేసేటప్పుడు కాగితాలు పరుచుకునే బల్ల వంటిది. బల్ల చిన్నదైతే ఒక కాగితం తీసి ఇంకొకటి పెట్టుకోవాలి. రెండోది, రిఫర్బిష్డ్ యంత్రం. పెద్ద ఆఫీసుల్లో మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన దాన్ని శుభ్రం చేసి, చెడిన భాగాలు మార్చి అమ్ముతాము. కీబోర్డు దృఢంగా ఉంటుంది, ర్యామ్ సరిపడా ఉంటుంది. మూడోది, ఫ్యాన్ లేని చిన్న ల్యాప్‌టాప్. దాని ప్రాసెసర్, అంటే లెక్కలు చేసే ముఖ్యమైన చిప్పు, బలహీనమైనది కనుక అంతగా వేడెక్కదు; గాలి లాగే ఫ్యాన్ దానికి అవసరం లేదు. దాన్ని నేను బొమ్మ అనేవాణ్ణి. కొనవచ్చినవారి ఎదుటే అనేవాణ్ణి.

సావిత్రికి రిఫర్బిష్డ్ యంత్రం ఎంచాను. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి వేశాను. అది తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే సమాచారం దాచే డిస్కు. యంత్రం త్వరగా లేస్తుంది. కరెంటు పోయినా పని ఆగకుండా కొత్త బ్యాటరీ వేశాను. ఆమె వేళ్లకు అలవాటైన టైప్‌రైటర్ వరుసలోనే తెలుగు కీబోర్డు అమర్చాను. పని వేళల్లో అప్‌డేట్లు దూరకుండా కట్టడి చేశాను. చివరగా, నా దగ్గర కొన్న ప్రతివారికీ ఇచ్చే అచ్చు కాగితం చేతికిచ్చాను. అందులో పది నియమాలు. నాలుగోది: యంత్రమును ఇంటిలో అన్నిటికంటె చల్లని చోట ఉంచవలెను. ఏడోది: నా అనుమతి లేనిదే యంత్రమును విప్పరాదు, ఊదరాదు, గీకరాదు.

ఆమె ఆ కాగితాన్ని అక్కడే నిలబడి రెండుసార్లు చదువుకుంది. నాకు తృప్తి కలిగింది.

మూడు వారాలు ఇంట్లో సాధన చేసింది. నెలాఖరులో పరీక్ష మొదలైంది. నాలుగో రోజు మధ్యాహ్నం ఫోన్.

"సార్, ఆరిపాయ. మళ్లా వేస్తే మళ్లా ఆరిపోతాండాది. ముప్పావు గంటయింది."

"ఎన్నో నియమం తప్పినావు?"

"ఒగటి గూడా తప్పలేదు సార్."

నేను నమ్మలేదు. వోల్టేజీ అన్నాను. చార్జర్ వదులుగా పెట్టి ఉంటావన్నాను. ఆ సాయంత్రమే ఇంకొక చార్జర్ బస్సులో పంపాను. ఐదో రోజు అదే వేళకు యంత్రం మళ్లీ ఆగింది. రెండో తప్పు పడింది. ఇంకొకటి పడితే అంతే.

అది చల్లారి లేచాక, దూరం నుంచే యంత్రాన్ని తెరిచి చూసే సాఫ్ట్‌వేర్‌తో పరిశీలించాను. ప్రాసెసర్ వేడి హద్దు దాటింది. అలా దాటితే యంత్రం తనను కాపాడుకోవడానికి తానే ఆగిపోతుంది. దీన్ని థర్మల్ షట్‌డౌన్ అంటారు.

"ఎండ తగిలే చోట పెట్టినావా?"

"లేదు సార్. మీరు రాసిచ్చినట్టే, ఇంట్లో అన్నిటికంటే సల్లని తావులో పెట్టినా."

ఆ తావు ఎక్కడో నేను అడగలేదు. నా నియమం పాటించబడింది, కాబట్టి ఆ ప్రశ్న ముగిసింది అనుకున్నాను.

ఆ తరువాత దుకాణంలో ఏ పనీ కుదరలేదు. స్క్రూలు తప్పు డబ్బాల్లో వేశాను. మాటిమాటికి ఫోన్ తీసి చూశాను. ఒకాయన ప్రింటర్ ధర అడిగితే రెండుసార్లు రెండు ధరలు చెప్పాను. ఆయన వింతగా చూసి వెళ్లిపోయాడు. సావిత్రి పని మొదలయ్యేది ఉదయం పదింటికి. మరునాడు తెల్లవారగానే పనిముట్ల సంచి సర్దుకుని ధర్మవరం బస్సెక్కాను. అవసరానికి ఉండనీ అని దుకాణంలో సిద్ధంగా ఉన్న ఒకే ఒక యంత్రాన్ని కూడా సంచిలో పెట్టుకున్నాను. అది ఆ బొమ్మ. దాన్ని వాడవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు. దారి పొడవునా కిటికీ చువ్వ వేలితో కొడుతూ కూర్చున్నాను. పక్కన కూర్చున్నాయన లేచి వేరే సీటుకు పోయాడు.

సావిత్రి అత్త ఓబుళమ్మ గుమ్మంలోనే నిలదీసింది.

"ఏమప్పా, మా కోడలికి చదువు సెప్పిన సారు నువ్వేనా? ఈ డబ్బా వచ్చినప్పట్నుంచి ఇంట్లో యెవురికీ నిమ్మళం లేదు. ఈ తలనొప్పి కంటే పాడిబర్రెను కొనుక్కొచ్చింటే మేలు."

"అత్తా, ఊరుకో," అంది సావిత్రి.

ముందు గది పైకప్పు రేకులది. ఉదయం ఎనిమిదింటికే సెగ దిగుతోంది. దాన్ని దాటి లోపలి గదిలో అడుగు పెట్టగానే ఒళ్లు చల్లబడింది. అది మగ్గం గది. నేల మీద నీళ్లు చల్లి ఉన్నాయి. కిటికీలకు తడిపిన గోనెసంచులు వేలాడుతున్నాయి. మన ప్రాంతపు పొడిగాలికి పడుగు, అంటే మగ్గానికి నిలువుగా బిగించిన పట్టుపోగులు, తెగిపోతాయట. అందుకే ఆ గదిని ఎప్పుడూ తడిగా ఉంచుతారు. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి సావిత్రి భర్త నాగరాజు నేస్తున్నాడు. ఆ గుంత అంచున, అతని మోచేతికి బెత్తెడు దూరంలో, ఒక పీట. పీట మీద నేను అమర్చి ఇచ్చిన యంత్రం.

"ఇక్కడా?" అన్నాను.

"మగ్గం గుంత కంటే సల్లని తావు మా ఇంట్లో యాడుండాది సార్?" అంది సావిత్రి.

విప్పి చూశాను. ప్రాసెసర్ వేడిని బయటికి చేర్చే రాగి గొట్టం చివర దువ్వెన పళ్ల వంటి రేకులుంటాయి. ఫ్యాన్ గాలిని వాటి గుండా తోస్తుంది. ఆ రేకులు ఒక్కటీ కనిపించలేదు. మగ్గం ఆడినప్పుడల్లా లేచే పట్టు నూగును ఫ్యాన్ మూడు వారాలుగా లోపలికి లాగింది. తడిగాలికి ఆ నూగు ఒకదానికొకటి అతుక్కుని బొంత ముక్కలా పేరుకుంది. చిన్న పట్టకారుతో లాగితే మొత్తం ఒక్క పొరగా ఊడి వచ్చింది. మెరూన్ రంగు, ఆకుపచ్చ. నాగరాజు తొంగిచూసి, "పోయిన చీర, ఈ చీర, రెండూ ఉండాయి సార్ దాంట్లో," అన్నాడు.

"నీ కంటికి ఇది ఎప్పుడూ కనపడలేదా?" అని సావిత్రిని గద్దించాను.

"కనపడింది సార్. పరీక్షకు ముందే గాలి తూట్ల కాడ పోగులు ఏలాడతా ఉణ్ణ్యాయి. తీద్దామనుకున్యా. తాకొద్దని మీరు ఏడో నెంబర్లో రాసినారు గదా."

"ఫోన్ చేసి అడగవచ్చు గదా?"

ఆమె తల దించుకుంది. "మీరు రాసిచ్చినాక మళ్లా అడిగేదేముంది సార్."

అలా అడగకుండా ఉండటం ఆమెకు నేర్పింది నేనే.

తొమ్మిదిన్నర దాటింది. యంత్రాన్ని శుభ్రం చేశాను గాని దాన్ని ఎక్కడ పెట్టాలి? రేకుల గదిలో పెడితే ఎండ వేడికే మధ్యాహ్నానికి ఆగిపోవచ్చు. మగ్గం గదిలో పెడితే మళ్లీ నూగు లాగుతుంది; మిగిలిన ఐదు రోజులు నిలుస్తుందని హామీ ఇవ్వలేను. నాగరాజు కాళ్లు పైకి తీసుకున్నాడు.

"ఈ ఐదు దినాలు మగ్గం నిలబెడతా సార్. ఆ యమ్మి పని కానీ."

"నిలబెట్టు నాయనా, నిలబెట్టు," అంది ఓబుళమ్మ. "పెండ్లి మూర్తానికి చీర ఇస్తామని ఒప్పుకున్న్యామే, ఈ డబ్బా నేసిస్తాదా?"

ముగ్గురూ నా వైపు చూశారు. అప్పుడు సంచిలోంచి బొమ్మను తీశాను. గాలి లాగే తూటు లేనిది, కనుక నూగు లాగదు. ఆ గది చల్లదనం దానికి చాలు. చేయవలసిన పని ఒక పేజీ తెరిచి తెలుగు టైపు చేయడం. దానికి గొప్ప ప్రాసెసర్ అక్కర లేదు. ఇవన్నీ మూడు వారాల ముందు కూడా నిజాలే. నేను కీబోర్డు వరుస అమర్చాక, సావిత్రి పాస్‌వర్డు కొట్టేసరికి పదికి రెండు నిమిషాలు తక్కువ. పేజీ తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. తెరుచుకుంది.

మధ్యాహ్నం దాకా నేను కదల్లేదు. పక్కన మగ్గం ఆడుతోంది, ఆమె వేళ్లు ఆడుతున్నాయి. పావుగంటకొకసారి వంగి యంత్రం అడుగున చేయి పెట్టి చూస్తున్నాను. ఓబుళమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తూ, "ఏమప్పా, దానికేమన్నా జొరమా?" అంది.

ఆరో రోజు గడిచింది. తరువాతి మూడు రోజులు పని ముగిసే వేళకు నేనే ఫోన్ చేశాను. పదో రోజు నేను చేయకముందే ఆమె చేసింది. మూడో తప్పు పడలేదు. వారం తరువాత పని ఖాయమైంది. నాగరాజు ఇప్పుడు ఒక్క పూటే గుంతలో దిగుతున్నాడు.

ఈ అనుభవం వల్ల నాకు తెలిసింది ఇది. తక్కువ ధరలో మంచి ల్యాప్‌టాప్ ఏదన్న ప్రశ్నకు దుకాణంలో సమాధానం లేదు. అది వాడేవారి ఇంట్లో ఉంది. ఇప్పుడు నేను ధర చెప్పడానికి ముందు అడుగుతున్నాను: ఏ గదిలో పెడతారు, ఆ గదిలో ఇంకెవరు ఏ పని చేస్తారు, ఎండాకాలం అక్కడ ఎలా ఉంటుంది. అచ్చు కాగితం ఇవ్వడం మానేశాను. కొన్నవారిచేతనే తమ ఇంటికి తగిన జాగ్రత్తలు రాయించి, వారు రాసింది నేను చదువుతున్నాను. ఆలస్యమవుతోందని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మగ్గం గురించి, పట్టు నూగు గురించి, పడుగును తడిగా ఉంచే పద్ధతి గురించి నేను రాసినది ఒక్క పూట చూసి రాసిన మాట. నేత పనివారు, నాకంటే బాగా తెలిసిన మెకానిక్కులు దీన్ని చదివితే, తప్పున్న చోట గీత గీసి నాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. పెద్దవాడు రాశాడు గదా, మళ్లీ అడిగేదేముంది అని దయచేసి ఊరుకోవద్దు.